క్యాసెట్టుకి రెండో వైపు

జూన్ 1, 2003, ఆదివారం. రావులపాలెం.

డైరీ పాతదే, ఎరువుల కొట్టువాళ్లు ఇచ్చింది. తీర్మానం మాత్రం సరికొత్తది!

ఈ నెలాఖరులోగా చెవితో వినే గే కథలు పది సంపాదించి వింటాను. నేను, అనగా ఫణీంద్ర, వయసు ఇరవై ఏడు, వృత్తి మైకు ప్రకటనలు. చీరలు, సినిమాలు, తప్పిపోయిన గేదెలు, అన్నీ నా గొంతుతోనే ఈ ఊరి వీధుల్లోకి వెళ్తాయి. నాలాంటివాడి కథ మాత్రం ఇంతవరకు ఏ గొంతులోనూ వినలేదు.

చెవితోనే ఎందుకు? పుస్తకానికి అట్ట ఉంటుంది. మా అమ్మ సూర్యావతి నా పరుపు కింద కూడా ఊడుస్తుంది. చెవిలో కథకి అట్ట ఉండదు.

జూన్ 2

ముందు నిర్వచనం. ఏది గే కథో తేలకుండా ఎలా వెతకడం? మాలాంటివాళ్లకి పేపర్లో రాసే మాట డాక్టరు రిపోర్టులా ఉంది. నా మాటల్లో:

1. ఇద్దరు మగవాళ్లు.
2. ప్రేమ. ప్రాణస్నేహమని తప్పించుకుంటే కుదరదు.
3. చివర్లో ఎవరూ చావకూడదు.
4. చావలేదు కదా అని ఎవరికో ఇచ్చి పెళ్లి చేసేయకూడదు.
5. చెప్పేవాడు జాలిపడకూడదు.

బ్రహ్మాండం! సగం పని అయిపోయినట్టే.

జూన్ 4. రాజమండ్రి, నెట్ సెంటర్, కర్టెన్ ఉన్న క్యాబిన్.

10.15: దొరికింది! ఎవరో దొర చదివిన ఇంగ్లీషు కథ. డౌన్‌లోడ్ మొదలు.

11.40: పద్నాలుగు శాతం.

12.30: యజమాని వీరబ్రహ్మం కర్టెన్‌లోంచి తల పెట్టాడు.

"ఏంటండి, రెండు గంటల్నించీ ఒకటే పేజీ చూస్తున్నారు?"

"ప్రవచనం దిగుతోందండి."

"అయితే నాకో కాపీ ఇచ్చి వెళ్లండి. మా అమ్మగారికి ప్రవచనాలంటే ప్రాణం."

1.05: కరెంటు పోయింది. జన్మలో మొదటిసారి అందుకు సంతోషించాను.

2.00: కరెంటు వచ్చాక చూస్తే నాలుగు నిమిషాల ముక్క మిగిలింది. ఒకతను కాఫీ కలుపుకుంటున్నాడు. రెండో అతను రాకముందే అయిపోయింది. స్కోరు: పావు.

జూన్ 7

రేడియోలో నాటకం. వానలో ఒకడు ఇంకొకడికి గొడుగు పట్టి వంతెన మొత్తం దాటించాడు, తను తడిసిపోతూ. స్నేహితులేనట! అది స్నేహితుడు గొడుగు పట్టే తీరు కాదు. లెక్కలో వేసుకున్నాను. చివర్లో ఇద్దరికీ అక్కచెల్లెళ్లతో పెళ్లయింది. నాలుగో నియమం తాత్కాలికంగా సడలించడమైనది.

జూన్ 9

మూడో నియమం కూడా సడలించాను. చావొచ్చు, కానీ ఒక్కడే.

జూన్ 11

మా ప్రకటనల ఆటో నడిపేది లోవరాజు. వీధి మలుపులోనే హారన్ కొడతాడు. రెండు పొట్టివి, ఒకటి పొడుగు. ఇవాళ కొత్త టేప్ డెక్కు బిగించుకొచ్చాడు.

"చూడండి ఫణిగారూ! ఒక వైపు అయిపోతే రెండో వైపుకి దానంతటదే తిరిగేస్తుందండి. ఇంక నేను మాటిమాటికీ తిప్పక్కర్లేదు."

నేను డెక్కు చూడలేదు. అది చెబుతున్నప్పుడు అతని మొహం చూశాను. మూడేళ్లుగా చేస్తున్న పని ఇదే, అతనికి తెలియకుండా.

కథల వేట లేదు. ఎండ ఎక్కువగా ఉంది.

జూన్ 13

వేట లేదు. గొంతు బాగాలేదు. వినడానికి గొంతెందుకని అడక్కూడదు. లక్ష్యం పది నుంచి ఒకటికి తగ్గించాను. మంచిదైతే ఒకటే పది పెట్టు.

జూన్ 15, ఆదివారం

దొరకకపోతే నేనే చెబుతాను! నోరు లేదా నాకు?

మధ్యాహ్నం అమ్మ పేరంటానికి వెళ్లింది. కొత్త క్యాసెట్టు లేదు. సత్యనారాయణరాజుగారి చీరల కొట్టు ప్రకటన క్యాసెట్టు ఉంది. ఒక వైపు అదే ప్రకటన ఇరవైసార్లు, రెండో వైపు ఖాళీ. ప్రకటన క్యాసెట్టుకి రెండో వైపు ఎవడూ వినడు. భూమ్మీద ఇంతకంటే భద్రమైన చోటు లేదు.

కథలో సూరిబాబు లారీ డ్రైవరు. రఘు మైకు మనిషి. ఎవరికీ అనుమానం రాకుండా ఆటోని లారీ చేశాను. రఘు మనసులో మాట చెప్పబోతుంటే అమ్మ గేటు తీసిన చప్పుడు. ఆపేశాను. ముగింపు లేదు కాబట్టి ఎవరూ చావలేదు, ఎవరికీ పెళ్లి కాలేదు. అయిదు నియమాలూ నెగ్గాయి!

జూన్ 16

8.00: లేచాను. బల్ల మీద క్యాసెట్టు లేదు.

"లోవరాజొచ్చాడురా. నువ్వు పడుకున్నావని నేనే ఇచ్చి పంపేశాను," అంది అమ్మ.

ఫరవాలేదు. రెండో వైపు ఎవరు వింటారు?

8.01: డెక్కు!!!

8.02: సైకిలు.

8.20: అరటి మార్కెట్టు. చీరల వైపు అప్పటికే అయిపోయింది. మైకులో నా గొంతు: "ఆ హారన్ రెండు పొట్టివి, ఒకటి పొడుగు వినపడితే చాలు, రఘుకి నోట్లో అన్నం దిగేది కాదు..."

కూలీలు గెలలు భుజాన పెట్టుకునే నిలబడిపోయారు. వేలం పాట ఆగిపోయింది. ఆటో నడిబజార్లో ఆగి ఉంది. లోవరాజు హ్యాండిల్ పట్టుకుని తిన్నగా ముందుకే చూస్తున్నాడు. నేను అరటాకుల కట్టల వెనక నక్కాను.

"స్నేహమంటే అలా ఉండాలి," అన్నాడు గెలల వ్యాపారి సత్తియ్య.

"స్నేహమేంటి నీ మొహం! అన్నం దిగట్లేదంటే అది ప్రేమ," అంది చక్రకేళి పళ్లమ్మే జ్ఞానమ్మ.

"మగాళ్లిద్దరూ కదే!"

"అయితే? మగాళ్లకి అన్నం అడ్డం పడదేంటి?"

అయిదు నియమాలు రాసుకున్న నేను తెల్లబోయాను. ఇంతలో కథ ఆగింది. డెక్కు మళ్లీ చీరల వైపు తిరిగింది. జనం ఉసూరుమన్నారు.

జూన్ 17

జ్వరం. ఉత్తుత్తిదే, కానీ దుప్పటి నిజం.

సత్యనారాయణరాజుగారి ఫోను. "మా చీరల మధ్యలో లారీ ఏంటండి?"

"పొరపాటండి, క్షమించండి."

"సరే గానీ, ఆ రఘు చెప్పాడా లేదా? మా ఆవిడ పొద్దుట్నించీ చంపేస్తోంది."

తీర్మానం రద్దు. వెతకను, వినను, చెప్పను. ఊరంటే భయం లేదు, ఊరికి అదొక నాటకం. కానీ ఆ హారన్ ఎవరిదో తెలిసినవాడు ఒకడున్నాడు. నిన్నట్నించీ ఆ హారన్ మా వీధిలో మోగలేదు. మోగదేమోనని ఏడుపొస్తోంది. రోజూ పొద్దున్నే ఆ మొహం చూడ్డం ఒక్కటే నాకున్న భాగ్యం, దాన్ని నా నోటితో నేనే పోగొట్టుకున్నాను.

జూన్ 19, సాయంత్రం 5.00

రెండు పొట్టివి.

చాలాసేపు ఏమీ లేదు.

ఒకటి పొడుగు.

గేటు దగ్గర లోవరాజు, చేతిలో క్యాసెట్టు.

"ఆపేద్దామనుకున్నానండి ఆవేళ. చెయ్యి వెళ్లలేదు," అన్నాడు. "మూడ్రోజుల్నించీ మళ్లీ మళ్లీ వేసుకుని విన్నానండి. ఒకటి అడగనా?"

"అడుగు."

"లారీ అని ఎందుకు పెట్టారండి? ఆటో అంటే సరిపోయేది కదా."

గేటు గడియ తీశాను, వేశాను, మళ్లీ తీశాను. ఊరంతటికీ మాటలు అద్దెకిచ్చేవాణ్ణి!

"చివరి ముక్క రికార్డు చేసి ఉంచండి," అన్నాడు క్యాసెట్టు నా చేతిలో పెట్టి. "అది మాత్రం మైకులో వద్దండి. రేపు వస్తాను, నాకు వినిపించండి." వెళ్తూ మలుపులో మళ్లీ హారన్ కొట్టాడు, అక్కడ ఎవరూ అడ్డం లేకపోయినా.

జూన్ 20, శుక్రవారం

తీర్మానం, మళ్లీ మొదట్నించీ! నెలాఖరులోగా కథలు పది. మొదటిదానికి ముగింపు ఇవాళే. లారీ అన్నచోటల్లా చెరిపేసి ఆటో అని మళ్లీ చెప్పాను.

పాత నియమాలన్నీ రద్దు. జ్ఞానమ్మ చెప్పినది ఒక్కటే ఉంచాను.

8.30: మలుపులో హారన్.

8.31: "ఇడ్లీలు ఎక్కడివక్కడే ఉన్నాయేంట్రా?" అంటోంది అమ్మ.