రెండు చుక్కల తేడా

ఐన్ సఫ్వా, జోర్డాన్
16 అక్టోబరు 2018, మంగళవారం

నాహిదా అక్కకు,

మీకు శాంతి కలగాలని, మోకాళ్ళ నొప్పులు తగ్గి మళ్ళీ మేడమెట్లు ఎక్కాలని కోరుకుంటూ రిహాబ్ సలాములు. మీరు రిటైరయ్యాక మన ప్రొబేషన్ ఆఫీసులో టీ కుడితిలా ఉంటోంది. అది సరే, ఇవాళ నేను గెలిచానక్కా. మీకు చెప్పుకోకపోతే కడుపుబ్బి చచ్చేలా ఉన్నాను.

ఖైస్, లుజైన్ అని పదిహేనేళ్ళ కవలలు. సముద్రం చూడాలని ఇంట్లో చెప్పకుండా అఖబా బస్సెక్కారు. రెండో రోజు ఆకలేసి ఒక కొట్టు తాళం పగలగొట్టి బిస్కెట్లు తిన్నారు. ఇద్దరూ కలిసే దొరికారు. మన బాలల కోర్టులో మగపిల్లల విచారణ వారం మొదలయ్యే ఆదివారం, ఆడపిల్లలది మంగళవారం కదా. రెండు ఫైళ్ళూ ఒక బల్లమీదికి ఎప్పుడూ రావు. ఖైస్ గురించి మన ఆఫీసు రిపోర్టు: "ఉడుకు రక్తం, సాహసబుద్ధి. మందలించి ఇంటికి పంపితే చాలు." ఆదివారం మధ్యాహ్నానికి వాడు ఇంట్లో వేడివేడి మఖ్లూబా అన్నం తింటున్నాడు. లుజైన్ గురించి: "కట్టుబాటు లేదు, నడత అనుమానాస్పదం. బాలికల గృహంలో రెండేళ్ళు తలుపులు వేసి ఉంచాలి." అది రాసిన మహాతల్లి చేతులు పడిపోను.

నిన్న లుజైన్‌ని కలిశాను. ఏడుస్తుందనుకున్నాను. "ఇద్దరం ఒకే బస్సులో వెళ్ళాం ఆంటీ. వాడు కూర్చున్న సీటు మంచిది, పక్కన నా సీటు చెడ్డదా?" అని అడిగింది. సిగ్గేసింది.

ఆఫీసుకొచ్చి లుజైన్ రిపోర్టు కోర్టు నుంచి వెనక్కి తెప్పించాను. ఖైస్ రిపోర్టు ముందు పెట్టుకుని పొల్లుపోకుండా ఎత్తిరాశాను. మన అరబ్బీ రాతలో అబ్బాయి మాటను అమ్మాయి మాట చెయ్యాలంటే చివర ఆ గుండ్రటి అక్షరం, దాని నెత్తిన రెండు చుక్కలు చాలుగా. అవి మాత్రం చేర్చాను.

ఇవాళ జడ్జిగారు సగం చదివి కళ్ళజోడు తీశారు. "ఇది ఆదివారం చదివిందేగా అమ్మా, కాపీ కొట్టావా?" అన్నారు. "అవునండీ, వాళ్ళు చేసింది కూడా ఒకటే కదండీ" అన్నాను. ఆయన ఆదివారం ఫైలు తెప్పించి, రెండూ పక్కపక్కన పెట్టి చాలాసేపు చూశారు. తర్వాత ఆ పిల్లనూ మందలించి ఇంటికి పంపేశారు.

వరండాలో వాళ్ళ నానమ్మ నాలుక ఆడిస్తూ పెళ్ళికూత అందుకుంది. "ఇది పెళ్ళిల్లు కాదు అవ్వా" అని పోలీసు కసిరితే, "పెళ్ళిళ్ళలో అందరూ కూస్తారు. కోర్టులో ఆడపిల్ల గెలిస్తే నేను కాకపోతే ఎవరు కూస్తార్రా?" అంది. నాకు కూత రాదని మీకు తెలుసు. అయినా గొంతు కలిపాను.

మీ చెల్లెలు,
రిహాబ్

తా.క.: పైన తిట్టిన మహాతల్లిని నేనే అక్కా. రెండు రిపోర్టులూ నా చేతిరాతే. పొద్దున టీ తాగుతూ ఖైస్‌ది రాశాను, భోజనం చేసొచ్చి లుజైన్‌ది రాశాను. తేడా నాకే తెలియలేదు. నా సంతకంతో ఆ తలుపుల వెనక ఇంకా ముగ్గురు ఆడపిల్లలు ఉన్నారు. వాళ్ళ కేసులు మళ్ళీ చూడమని ఇవాళే అర్జీ పెట్టాను. జడ్జిగారు తీసుకున్నారు. వచ్చే మంగళవారం ముగ్గురినీ పిలుస్తున్నారు.