నిలబడి వండే పొయ్యి

కరీంనగర్ దవాఖాన, శుక్రవారం

అవ్వా, నువ్వు ఫికరు పడకు. నడుముకు కోత అవసరం లేదని డాక్టరు అన్నాడు. బండి మీది నుంచి పడ్డప్పటి నుంచి చెక్కబల్ల మీద వెల్లకిలా పడుకొని పడుకొని ప్రాణం విసిగింది. నిన్న తోలుపట్టా బిగించి మొదటిసారి నిలబెట్టారు. పక్క మంచం ఆమె బిడ్డ నా కాళ్ల దగ్గరికి పాకుతూ వచ్చింది. నా చేతులు వాటంతటవే కిందికి పోయాయి. నర్సమ్మ ఉరికొచ్చి, "వంగకు సరోజనా! మల్ల మంచంల పడ్తవ్" అని కసిరింది.

బాపుతో చెప్పి పొయ్యి గద్దె మీద కట్టించు, ఇక నిలబడే వండాలట. బర్రె ఈనిందా? తమ్మునికి దీవెనలు.

నేను వచ్చేలోగా నా బిడ్డకు మంచం ఎక్కడం నేర్పు. అది మంచం మీద నిలబడితేనే నేను వంగకుండా కావలించుకోగలను.

నీ బిడ్డ,
సరోజన