విశాలి పెళ్లికి సన్నాయి

అరసవల్లి,
ఆదివారం.

పూజ్యురాలైన అక్కకు తమ్ముడు జగన్నాధం నమస్కరించి రాసేది.

ఇక్కడ ఇంట్లో అందరం క్షేమమే. నీ మరదలు ఉషకు మోకాలి నొప్పి తగ్గింది. పిల్లలు బడికి పోతున్నారు. ఖరగ్‌పూర్‌లో నువ్వూ, బావా, విశాలీ బాగున్నారని తలుస్తాను. నీ ఉత్తరం అందింది. ఫోను చేతిలో పెట్టుకుని మనిద్దరం ఇంకా ఉత్తరాలేమిటని బావ నవ్వుతాడు. నవ్వనీ. ఈసారి మాత్రం నాకు ఉత్తరమే కావాలి. ఫోనులో నా గొంతు వినగానే సగం కనిపెట్టేస్తావు, మిగతా సగం నేను చెప్పలేను.

ముందు నువ్వు అడిగినవాటికి జవాబులు. చీపురుపల్లిలో కల్యాణ మండపం ఖాయం చేశాను. రైలు దిగితే నడిచి వచ్చేంత దూరమే. మండపం ఆయన మొదట బిగిసినా, మనం ఫలానా అని తెలిశాక మెత్తబడ్డాడు. "మీ నాన్న మా అక్క పెళ్లికి సన్నాయి వాయించినాడు బాబూ, ఇప్పటికీ సెప్పుకుంటారు" అన్నాడు. మధుపర్కాలు పొందూరులో తీసుకున్నాను. సన్నటి నూలు, ఎర్రంచు. విశాలికి నచ్చుతాయి.

ఇక పరుగు సంగతి. "ఈ వయసులో నీకు పరుగేటిరా, ఎవులైనా తరుముతన్నారా?" అని రాశావు. ఊరంతా అదే అడిగింది. తెల్లారగట్ల గార వెళ్లే రోడ్డు మీద పరిగెడుతుంటే ఆటోవాళ్లు ఆపి, "ఎక్కు మావా, దింపేస్తాను, డబ్బులొద్దులే" అనేవారు. నా కాళ్లు గట్టిపడాలని ఉషతో చెప్పాను. అసలు కారణం ఎవరికీ చెప్పలేదు, నీకు కూడా.

కరోనా రెండోసారి వచ్చినప్పుడు నేను ఆసుపత్రిలో పడి ఉన్నది నీకు తెలుసు. బతికి బయటపడ్డానని నువ్వు స్వామికి మొక్కు తీర్చుకున్నావు. కానీ ఇంటికొచ్చి సన్నాయి పట్టుకుంటే పల్లవి పూర్తి కాకుండానే దగ్గు. అప్పటినుంచి పెళ్లిళ్లలో శ్రుతి పెట్టె పట్టుకుని పక్కన కూర్చుంటున్నాను. "గురువుగారు ఈ పూట వాయించరా?" అని ఎవరైనా అడిగితే గొంతు బాగోలేదని చెప్పేవాణ్ణి. సన్నాయికి గొంతుతో ఏం పని? వాళ్లకు తెలియదు కాబట్టి సరిపోయింది.

డాక్టరు రోజూ నడవమన్నాడు, నడిస్తే ఊపిరి కుదుటపడుతుందన్నాడు. నడిస్తేనే కుదుటపడితే పరిగెడితే మొత్తం తిరిగి రాదా అని నేను అనుకున్నాను. అలాగని ఎవరూ చెప్పలేదు. అంతలో విశాలికి సంబంధం కుదిరింది. "నా తాళి వేళకి మావయ్యే వాయించాలి" అని అది అప్పటి నీ ఉత్తరం చివర తన చేత్తో రాసింది. శ్రీకాకుళంలో హాఫ్ మారథాన్ పెడుతున్నారని తెలిసి ఆ వారమే పేరు ఇచ్చాను. ఇరవై ఒక్క కిలోమీటర్లు కూలబడకుండా పూర్తిచేస్తే నా ఊపిరి నాకు తిరిగి ఇచ్చెయ్యాలి స్వామీ అని మొక్కుకున్నాను.

పూర్తి చేశాను అక్కా. నేను వచ్చేసరికి పందెం వాళ్లు తోరణం విప్పేస్తున్నారు. పోతురాజు మాత్రం, ఇన్నేళ్లు నా పక్కన డోలు వాయించినవాడు, చెప్పకపోయినా నా ఊపిరి సంగతి కనిపెట్టినవాడు, డోలు మెడలో వేసుకుని రోడ్డు మధ్యన నిలబడ్డాడు. నన్ను చూడగానే గట్టిమేళం ఎత్తుకున్నాడు. "ఊపిరి వచ్చీసినాది బావా, ఇంకేటి భయం" అని నా చెమట తన తువ్వాలుతో తుడిచాడు. మెడలో పతకం వేశారు. ఆ రోజు నేను ఎంత సంతోషపడ్డానో చెప్పలేను. ఇప్పుడు తలుచుకుంటే ఆ సంతోషమే ఎక్కువ బాధగా ఉంది.

కాళ్ల నొప్పులు తగ్గాక మా వసారాలో నేనూ పోతురాజూ ఎదురెదురుగా కూర్చున్నాం. నాన్న సన్నాయి తీశాను. తాళి వేళకు స్వరం ఎలా నిలవాలో నీకు తెలుసు. ముళ్లు పడేదాకా తెగకూడదు, ఊపిరి తీసుకుంటున్నట్టు ఎవరికీ తెలియకూడదు. నాది సగంలో తెగిపోయింది. మళ్లీ పట్టాను, మళ్లీ తెగింది. పోతురాజు డోలు కాసేపు ఒంటరిగా మోగి ఆగిపోయింది. "అలిసిపోయినావు బావా, రేపు సూద్దాం" అన్నాడు గాని, నా మొహం చూడలేదు. అలా చాలా రేపులు చూశాం.

మళ్లీ డాక్టరు దగ్గరికి వెళ్లాను. ఊపిరితిత్తుల అడుగుభాగం గట్టిపడిపోయింది, అది ఇక మామూలుకు రాదన్నాడు. "మిగిలినదాంతో పరిగెత్తడం నేర్చుకున్నారు, అంతే" అన్నాడు. నిజమే. పరుగులో నోరు తెరుచుకుని ఎంత కావాలంటే అంత గాలి లాక్కోవచ్చు, ఎవరూ వద్దనరు. సన్నాయి అలా ఒప్పుకోదు.

నేను ఆసుపత్రి నుంచి వచ్చినప్పుడు, ఊపిరుంటే ఉప్పమ్ముకుని బతకొచ్చని రాశావు. మన ఇంట్లో ఆ ఊపిరినే కదక్కా అమ్ముకుని బతికింది! తాత, నాన్న, నేను. నాకు ఇంకో పని రాదు. చచ్చిపోవాలని లేదు, నువ్వు కంగారుపడకు. కానీ పొద్దున్నే లేవాలని కూడా లేదు. పరుగు మానేశాను. బూట్లు అటక మీద పెట్టేశాను. సన్నాయి ఎక్కడ పెట్టాలో తెలియక మంచం మీద నా పక్కనే ఉంచుకుంటున్నాను. ఉష దాన్ని కదపకుండానే పక్క సర్దుతుంది.

విజయనగరం నుంచి దేవేంద్ర మేళం మాట్లాడాను. కుర్రాడు బాగా వాయిస్తాడు, నలుగురిలో నీకు మాట రాదు. పోతురాజును వాళ్లతో కూర్చోమన్నాను. మొదట ఒప్పుకోలేదు, బతిమాలాను. విశాలికి ఈ సంగతి నువ్వే చెప్పు, నావల్ల కాదు.

మేనమామను కాబట్టి దాన్ని గంపలో కూర్చోబెట్టి మండపానికి తేవలసింది నేనే. దానికి లోటు రానివ్వను. ఇంకో చెయ్యి కూడా అక్కర్లేదు, కాళ్లు రాయిలా ఉన్నాయి. పీటల మీద దింపి, వెనక ఎక్కడో వంటవాళ్ల వైపు కూర్చుంటాను. గట్టిమేళం మోగినప్పుడు నువ్వు అక్షింతలు వేస్తూ పిల్లనే చూసుకో. నా వైపు మాత్రం చూడకు.

ఇట్లు,
నీ తమ్ముడు
జగన్నాధం