సంతకం పైన, నిర్ణయం కింద

జేఠ్ 4, మధ్యాహ్నం ఒంటిగంట

నువ్వు అబద్ధాలకోరువి. ఈ నోటుబుక్కు ఎవరూ చదవరని నాకు తెలుసు. అయినా ఎవరైనా చదివితే ఆ చదివేది నా టెంపో ఎక్కే నువ్వే, కాబట్టి నీకే చెబుతున్నాను. కాఠ్మాండూ గాలి పాడైపోయిందని మాస్కు కట్టుకుని ఏడుస్తావు. పొగ రాని బండిలో ఇరవై రెండేళ్లుగా నిన్ను ఆఫీసుకీ, నీ పిల్లల్ని బడికీ చేరవేస్తున్న నన్ను మాత్రం సందులో అడ్డంగా పడుకున్న ఆవుని చూసినట్టు చూస్తావు.

పొద్దున రత్నపార్క్ సిగ్నల్లో నా టెంపో పక్కన కొత్త ఎలక్ట్రిక్ కారు ఆగింది. లోపలి పెద్దమనిషి అద్దం దించి, భవిష్యత్తుకి కాస్త దారి ఇవ్వు దీదీ అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. నాదీ కరెంటు బండే దాయీ అన్నాను. అద్దం ఎక్కించేసుకున్నాడు.

ఇది షెడ్డులో కూర్చుని రాస్తున్నాను. షెడ్డు చూసుకునే హర్క దాయి, అంటే హర్క అన్న, నా బ్యాటరీలు మారుస్తున్నాడు. పొద్దుటి ట్రే లాగేసి, నిండినది తోయడానికి అతనికి పది నిమిషాలు చాలు. ఈ షెడ్డు లేకపోతే మా పన్నెండు సఫా టెంపోలూ మధ్యాహ్నానికి మూడు చక్రాల రేకు డబ్బాలు. దీన్నే అడుగుతున్నారు ఇప్పుడు. పక్క వీధిలో కార్ల షోరూం కడుతున్నవాళ్లు, ఛార్జర్లు పెట్టుకోవడానికి ఈ చోటు కావాలని స్థలం యజమాని దగ్గరికి వచ్చి వెళ్లారట. శనివారం మీటింగ్.

జేఠ్ 8, శనివారం

మీటింగ్ అయింది. గెలిచాం.

పన్నెండు మందిమీ వచ్చాం. రమోలా దీదీ అధ్యక్షత. ఈ ఊళ్లో టెంపో నడిపిన మొదటి ఆడవాళ్లలో ఆమె ఒకతె. నాకు స్టీరింగ్ పట్టుకోవడం నేర్పింది ఆమే. డీజిల్ మినీబస్సుల వాళ్లు మమ్మల్ని రూటు నుంచి గెంటేస్తామన్నప్పుడు నా పక్కన రోడ్డు మీద పడుకున్నదీ ఆమే. అప్పుడు కరపత్రాలు నేను రాసేదాన్ని, ఆమె మైకులో చదివేది.

మొదట తీర్మానాలు రాసే మినిట్స్ పుస్తకం తిరిగింది. ఎప్పటిలాగే హాజరు వరసలో సంతకాలు పెట్టాం. నాది మూడోది. కింద మిగిలిన పేజీ ఖాళీ. తర్వాత టీ, సేల్ రోటీ. తర్వాత నేను గంటసేపు మాట్లాడాను. చమేలి మధ్యలో ఆవలించింది. నీ ఉపన్యాసానికి కూడా బ్యాటరీ మార్చాలి దీదీ అంది. అందరూ నవ్వారు, నేను తప్ప.

చివరికి చేతులెత్తాం. షెడ్డు వదలం. ఐదేళ్లు పొడిగించమని యజమానికి రాస్తాం. షోరూం వాళ్లకి ఛార్జర్ కావాలంటే మా పక్కన పెట్టుకోమంటాం. నిర్ణయం ఇంటికెళ్లి తీరిగ్గా రాస్తానంది రమోలా దీదీ. మోకాళ్లు లాగేస్తున్నాయట. పుస్తకం సంచిలో పెట్టుకుంది.

జేఠ్ 13

వాన. ముందు సీట్లో నా పక్కన ఒక కాలేజీ అమ్మాయి. ఎలక్ట్రిక్ కార్ల ముందున్న అడ్డంకుల మీద వ్యాసం రాయాలట. నాలుగు రాసుకొచ్చింది. బ్యాటరీ ఖరీదు, ఛార్జింగ్‌కి చోటు, సగం దారిలో ఆగిపోతుందన్న భయం, పాత బ్యాటరీలు ఎక్కడ పారేయాలన్నది.

నాకు నవ్వొచ్చింది. రోజుకి పదహారు గంటలు కరెంటు లేని ఏళ్లలో నేను ఈ బండి నడిపాను. అర్ధరాత్రి రెండింటికి కరెంటు వస్తే హర్క దాయి లేచి ప్లగ్గు పెట్టేవాడు. యాసిడ్ పడి నా కుర్తాలన్నీ జల్లెడలయ్యాయి. పాత బ్యాటరీ ప్రతి ఒక్కటీ కొన్న చోటికే తిరిగి పంపాం, ఒక్కటి కూడా బాగమతి నదిలో పడలేదు. అడ్డంకులట. వాళ్లు ఇవాళ కనిపెట్టినవన్నీ మేం ఇరవై ఏళ్ల కింద తిని అరిగించుకున్నాం.

ఐదోది రాసుకో బహినీ అన్నాను. మీ ప్రభుత్వాలు బండి కొనేవాడి గురించి ఆలోచిస్తాయి, బండి ఎక్కేవాడి గురించి ఆలోచించవు. ఒక్కడు కూర్చునే కారుకి పన్ను తగ్గిస్తారు. పన్నెండు మంది కూర్చునే టెంపోకి వయసైపోయిందంటారు. పొగ మానేసిన కార్లు వెయ్యి వచ్చి రోడ్డు మీద నిలబడినా అది ట్రాఫిక్ జామే, కాకపోతే శుభ్రమైన జాము.

దానికి మార్కులు రావు దీదీ అంది. బండి ఆపమని అందరిలాగే నాణెంతో పైకప్పు మీద టక్కుమని కొట్టి దిగిపోయింది.

జేఠ్ 19

షెడ్డు గేటు దగ్గర ఎవరో టేపుతో కొలతలు తీసుకున్నారు. రమోలా దీదీ ఫోన్ ఎత్తడం లేదు.

జేఠ్ 24, ఉదయం పదకొండు

గేటుకి నోటీసు. వచ్చే నెల, అసార్ 15 లోపు ఖాళీ చేయాలి.

బండి అక్కడే వదిలి యజమాని దగ్గరికి నడిచాను. పోట్లాడటానికే వెళ్లాను. అతను కుర్చీ వేశాడు. మీరే కదా ఇచ్చారు అంటూ ఒక జిరాక్స్ కాగితం ముందు పెట్టాడు. మా మినిట్స్ పుస్తకంలోని పేజీ. పైన పన్నెండు సంతకాలు. మూడోది నాది, తోక కొంచెం పైకి లేచిన నా సంతకమే. కింద రమోలా దీదీ గుండ్రటి అక్షరాలు. షెడ్డును స్వచ్ఛందంగా, ఏకగ్రీవంగా వదులుకుంటున్నాం అని.

అక్కడితో ఆగినా బతికేదాన్ని. దాని కింద కారణం కూడా రాసింది. "దారి ఇవ్వని పాత బండి ప్రజల గొంతు మీద కాలు."

అది నా వాక్యం. డీజిల్ మినీబస్సుల మీద పదహారేళ్ల కింద నేను రాసిన కరపత్రంలో మొదటి వాక్యం.

సంతకం ముందు, నిర్ణయం తర్వాత. ఈ దేశంలో వీధి కమిటీ నుంచి మంత్రుల కమిటీ దాకా అందరూ అలాగే చేస్తారు. ప్రభుత్వం రాసిన ఒక్క కామాని కూడా నమ్మని నేను, ఖాళీ పేజీ మీద ఇరవై రెండేళ్లు సంతకాలు పెట్టాను. దాన్ని నమ్మకం అనుకున్నాను. బద్ధకం.

అదే రోజు, సాయంత్రం

రమోలా దీదీ ఇంటికి వెళ్లాను. వాకిట్లో కూర్చుని ముల్లంగి తరుగుతోంది. లేవలేదు. కాగితం ముందు పెడితే చూడను కూడా లేదు. కాదనలేదు.

షోరూంలో ఉద్యోగం ఇస్తామన్నారట. కారు చూడటానికొచ్చే ఆడవాళ్లతో మాట్లాడటం, ఆడవాళ్లు కరెంటు బండి నడపగలరని చెప్పడం. గోడ మీద ఆమె పాత ఫోటో పెద్దదిగా పెడతారట. బ్రేకు తొక్కీ తొక్కీ మోకాళ్లు పోయాయంది. నీకు రాత ఉంది, నాకు ఏముందంది.

అడిగితే మేమే ఏదో ఒకటి చూసేవాళ్లం కదా అన్నాను. అప్పుడు తలెత్తింది.

"ఏం చూసేవాళ్లు? కరపత్రం రాసేదానివి. ఇరవై రెండేళ్లలో నీ కాళ్లెలా ఉన్నాయని ఒక్కసారి అడిగావా దిల్మాయా?"

అడగలేదు, నిజమే. ఆమె చేసింది ద్రోహమే. నేను అడగకపోవడం దాన్ని చిన్నది చేయదు. పదకొండు పొయ్యిల మీద నీళ్లు పోసి ఒక్క పొయ్యి వెలిగించుకుంది. అన్నీ అన్నాను. అన్నీ వింది.

తర్వాత అన్నం పెట్టింది, గుంద్రుక్ కూరతో. తిన్నాను. ఇది రాయడానికి సిగ్గుగా ఉంది.

జేఠ్ 28

జిరాక్స్ అందరి చేతుల్లోకీ వెళ్లింది. రమోలా దీదీ నన్ను అడిగే రాసిందని అనుకుంటున్నారు. ఆ వాక్యం ఎవరిదో ఈ ఊళ్లో తెలియనిదెవరికి?

చమేలి షెడ్డులో అందరి ముందే నన్ను నిలదీసింది. "చెయ్యి ఆమెది, సిరా నీది. నీకెన్ని కుర్చీలు ఇస్తున్నారు దీదీ?"

హర్క దాయి మాత్రం నా బ్యాటరీలు మార్చాడు. ఎప్పటిలాగే పది నిమిషాల్లో.

అసార్ 2

వేరే చోటు కోసం నాలుగు రోజులుగా తిరుగుతున్నాను. ఒక మాల్‌లో ఫాస్ట్ ఛార్జర్ ఉందంటే వెళ్లాను. గార్డు గేటు దగ్గరే ఆపాడు. ఇది కార్లకి, డెలివరీ బళ్లు వెనకనుంచి అన్నాడు. దిగి చూపించాను, నాదీ కరెంటే అని. జాలిపడి లోపలికి రానిచ్చాడు. ఆ ప్లగ్గు నా బండిలో పట్టదు. పాత బ్యాటరీల కోసం చేసింది కాదది.

ఒకటే నది, ఒకటే డ్యామ్, ఒకటే తీగ. చివర్లో మాత్రం రెండు నోళ్లు. మా నోరు ఎవరూ తయారు చేయరు.

అసార్ 5

చమేలి ఇంటికి వెళ్లాను. ఈసారి ఉపన్యాసం ఇవ్వలేదు. ఆ రోజు ఖాళీ పేజీ మీద నువ్వూ సంతకం పెట్టావు కదా అని మాత్రం అడిగాను. వరస వేళ్ల మీద లెక్కపెట్టుకుంది. తనది తొమ్మిదోదంది.

అసార్ 11

షోరూం నుంచి ఆహ్వానం. బంగారు అక్షరాలు. ప్రారంభోత్సవం అసార్ 15న. గుమ్మం ముందు ఒక పాత సఫా టెంపో అలంకరణగా నిలపాలట, "మార్గదర్శి" అని బోర్డు పెట్టి. నన్నే తీసుకురమ్మన్నారు. బంతిపూల దండ వాళ్లదే.

వస్తానని చెప్పాను. చమేలికి ఫోన్ చేశాను. చమేలి మిగతా వాళ్లకి చేసింది. రమోలా దీదీ మోకాళ్ల సంగతి నేను చెప్పాను అందరికీ. 

అసార్ 15, ఉదయం ఎనిమిది

ఒకటి అడిగారు, పన్నెండూ వచ్చాయి. రమోలా దీదీ బండిని హర్క దాయి తోలుకొచ్చాడు. గుమ్మం ముందు అడ్డంగా నిలిపాం. బ్యాటరీ ట్రేలు లాగేసి హర్క దాయి ఎక్కడ పెట్టాడో నాకు కూడా చెప్పలేదు. ఇప్పుడు ఈ బళ్లు మేం చెప్పేదాకా కదలవు. గాజు తలుపు వెనక కొత్త చీరలో రమోలా దీదీ నిలబడి ఉంది. చమేలి నాణెం తీసి నా బండి పైకప్పు మీద టక్కుమని కొట్టింది. తర్వాత పన్నెండు పైకప్పుల మీదా.

షోరూం అద్దానికి మేం అంటించిన కాగితం:

1. షెడ్డు మాకు ఐదేళ్లు ఉండాలి.
2. ఊళ్లో పెట్టే ప్రతి ఛార్జర్ దగ్గరా టెంపోకి పట్టే ప్లగ్గు ఒకటి ఉండాలి.
3. కారుకి తగ్గించిన పన్ను టెంపో బ్యాటరీకీ తగ్గించాలి.
4. మోకాళ్లు పోయిన డ్రైవరుకి కూర్చుని చేసే పని మన షెడ్డులోనే ఇవ్వాలి. మొదటి పేరు రమోలా.
5. జేఠ్ 8 నాటి పేజీ మీది పన్నెండు సంతకాలూ కొట్టేయాలి.
6. ఇకపై నిర్ణయం రాసి, గట్టిగా చదివి వినిపించాకే, దాని కింద సంతకం.