నీలం చొక్కా బొమ్మ

గ్వాయకిల్

ఒర్తెన్సియా అక్కకు తమ్ముడు ఎలియుతేరియో వ్రాయునది. ప్రాణంతోనే ఉన్నాను, ముందు అది నమ్ము.

ఏడాది చివర తగలబెట్టే గడ్డిబొమ్మను ఈసారి ముందే చేసి, నువ్వు కుట్టిన నీలం చొక్కా, నా టోపీ తొడిగి మా మంగలికొట్టు ముందు కూర్చోబెట్టాను. వీధి జనమంతా నేననుకుని దాన్నే పలకరిస్తుంటే లోపల పడీపడీ నవ్వాను. సాయంత్రం, నేను మామూలు ఇవ్వనన్న ముఠావాళ్ళు మోటారుసైకిల్ మీద వచ్చారు. వాళ్ళూ నేననే అనుకున్నారు. సరిగ్గా గుండెలో తుపాకీతో కాల్చి పోయారు.

మర్నాడు మేయరుగారి మనిషి వచ్చాడు. "పండగ దాకా బొమ్మలు వీధిలో పెట్టకూడదయ్యా, ఊరి అందం చెడుతుంది" అన్నాడు.

"మరి కాల్చినోళ్ళ సంగతో?"

"పోయింది బొమ్మేగా, కేసేముంటుంది?"

కొట్టు మూసేశాను. మోటారుసైకిల్ చప్పుడైతే మంచం కిందికి దూరుతున్నాను.

నీ కూతురు సోయిలాను చదువుకని ఇక్కడికి పంపకు. వేరుసెనగ పొడి మాత్రం బస్సులో పంపు. నీ మోకాలు నొప్పి తగ్గిందా? మేక ఈనిందా? పిల్లలకు నా ముద్దులు, దేవుడు మిమ్మల్ని చల్లగా చూడాలి. నా గురించి ఎవరు ఆరా తీసినా తమ్ముడు పోయాడనే చెప్పు, కాస్త ఏడువు కూడా. ఈసారి వేళాకోళం కాదక్కా.