రూతు పాటలో నేనున్న చోటు

జూలై 7, సోమవారం

ఎడమ చేత్తో రాస్తున్నాను. కోడి కెలికినట్టే ఉంది. కుడి చెయ్యి దుప్పటి మీద పెద్దమనిషిలా కూర్చుంది, దానికి ఏ పనీ చెప్పకూడదు.

నిన్నటి ఆరాధన వీడియో పెట్టమన్నాను కూతురు సునీతను. బడికి పోయేముందు నాకు చేసిపెట్టే పని అదొక్కటే. నేను చర్చికి పోలేను కాబట్టి నా భార్య రూతు పాటే ఫోనులో ఇంటికొస్తుంది. వారమంతా అదే వింటాను. పాస్టరయ్య ప్రార్థన వినిపించింది. రూతు మైకు దగ్గరికి వచ్చింది, నోరు తెరిచింది... చప్పుడు లేదు. పాడి కూర్చున్నాక మళ్లీ చప్పుడు వచ్చింది.

“కాపీరైటంట డాడీ. ఈ పాట వేరేవాళ్లదంట, అందుకే మ్యూట్ అయింది.”

రూతు కట్టిన పాట. రూతు గొంతు. వేరేవాళ్లదట! ముందు నవ్వొచ్చింది. తర్వాత అన్నం సహించలేదు.

జూలై 8

దొంగ దొరికాడు. ప్రేమ్. సండే స్కూల్లో బిస్కెట్ల కోసం రూతుకు వాక్యాలు అప్పజెప్పినవాడే. ఇప్పుడు హనుమకొండలో స్టూడియో. వీడియోలో కీబోర్డు, డ్రమ్ములు, పొగ. పొగ ఎందుకో! బాగానే పాడాడు, ఒప్పుకోక తప్పదు. ఊరూరా మోగుతోందట. రూతు పేరు మాత్రం ఎక్కడా లేదు.

పేరు పోనీ. మాట మార్చాడు.

రూతుది — “పడకన ఉన్నా నీవాడే, లేవకున్నా నీవాడే.”

వాడిది — “పడకను వీడి లేచాడే, పరుగున వచ్చి మొక్కాడే.”

ఎవరు లేచారు?

జూలై 9

ఆ మాట ఎక్కడ పుట్టిందో నాకు తెలుసు. దవాఖానలో, నా మంచం పక్కన, స్టూలు మీద. నాకు పక్షవాతం వచ్చి మాట పడిపోయిన రోజులు. నర్సు కసురుతుందని రూతు గొంతు తగ్గించి పాడేది. లేపమని దేవుణ్ని అడగలేదు, బేరం పెట్టలేదు. లేవకున్నా నీవాడే అంది. అది విని ఏడ్చాను. నీళ్లు ఒక కంటి నుంచే వచ్చాయి.

పక్క మంచం వర్ధన్నపేట వాళ్లది. ఆయనకూ నా జబ్బే. ఆయన భార్య ఎస్తేరమ్మ వచ్చి — “అక్కా, ఆ పాట జర నాకు చెప్పవా...” రూతు అక్కడికక్కడే నేర్పింది. ఇంట్లో పచ్చడి చేసినా పక్కింటికి గిన్నె పోవాల్సిందే ఆమెకు.

జూలై 10

ఇంట్లో పంచాయితీ. సునీత ఫోనులో ఫిర్యాదు నింపి పెట్టింది. పంపితే ప్రేమ్ వీడియో తీసేస్తారట. పాట రూతుది, కాబట్టి ఆమె ఊ అనాలి.

అనలేదు. “పాటేమన్న మనింటి బోరింగా, తాళం ఏస్కోనీకి? పాడుకోనీయిండ్రి.”

నేను నత్తి నత్తిగా — “తాళం వద్దు... నీళ్లల్ల ఉప్పు గలిపితే... ఊకుంటవా?”

“ఎవలకు ఉప్పగుంది? నీకేనాయె.”

అవును, నాకే! రైలు గార్డుగా చేసినన్నాళ్లూ నా పచ్చజెండా లేనిదే కాజీపేట నుంచి నా బండి కదిలేది కాదు. ఇప్పుడు నా మాట మంచం దిగదు.

జూలై 11

రూతు పెట్టిన చారులో ఉప్పు ఎక్కువ. కావాలనే.

జూలై 12, శనివారం

ప్రేమ్ వచ్చాడు. సునీత ఫోన్ చేసి కడిగేసిందట. వచ్చీ రాగానే నా కాళ్ల దగ్గర కూర్చున్నాడు. రూతు వాడికి చాయ్ పెట్టింది. అందులో అల్లం కూడా!

“క్లెయిము దానంతట అదే పడ్తది అంకుల్, నేను ఎయ్యలే. చర్చి వీడియో మీద ఇయాల్నే తీయిస్త. టీచరమ్మ పాటని తెల్వది, దేవుని తోడు. వర్ధన్నపేట దిక్కు ప్రార్థన కూటాల్ల విన్న. ఎవలు రాసిండ్లంటే ఎవలకూ తెల్వదన్నరు.”

“మాట... ఎందుకు మార్చినవ్?”

“నేను మార్చలే అంకుల్. ఆడ అట్లనే పాడుతాండ్లు.”

వాడి మొహం చూస్తే అబద్ధంలా లేదు. కోపం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు నాకు.

పోతూ పోతూ — “టీచరమ్మా, ఒక్కసారి స్టూడియోకు రండ్రి. మీ గొంతుతోని, మీ పేరుతోని పెడ్త. మీరు ఏ మాట పాడితే ఇగ అందరు అదే పాడ్తరు.”

రూతు నా వైపు వేలు చూపించింది. “ఆయన్ను అడుగు.”

జూలై 13, ఆదివారం

చర్చి నుంచి వచ్చాక రూతు వర్ధన్నపేటకు ఫోన్ చేసింది. నాకూ వినబడాలని స్పీకరు పెట్టింది.

ఎస్తేరమ్మ దాచలేదు, సంబరంగా నవ్వింది. “నేనే మార్చిన అక్కా. మా ఆయన లేచి వాకిట్లకు నడిచిండు. ఇగ లేవకున్నా అననీకి నోరు రాలే. ఆ సంబురంల అట్ల పాడిన, కూటమంత అట్లనే అందుకున్నరు. తప్పైతే మన్నించు...”

“తప్పేంది చెల్లె...”

“అన్న ఎట్లున్నడు? నడుస్తాండా?”

రూతు నా వైపు చూడలేదు. “మంచిగున్నడు” అంది.

జూలై 14

రాత్రంతా ఆ పక్క మంచం మనిషే గుర్తొచ్చాడు. మంచివాడు, ఒక నారింజను ఇద్దరం తిన్నాం. ఆయన నడుస్తున్నాడంటే సంతోషమే. కడుపులో మంట కూడా. రెండూ నిజమే.

పాటకు తాళం వెయ్యకూడదు. రూతు చెప్పిందే న్యాయం, ఒప్పుకుంటున్నాను. ఆ రోజు వార్డులో దాచుకుని ఉంటే ఎస్తేరమ్మకు పాడుకోవడానికి ఏముండేది? ఆమె సంతోషాన్ని పాటలోంచి తీసెయ్యమని నేనెట్లా అంటాను?

కానీ అందరూ లేచాడే అని పాడితే నేను ఆ పాటలో ఉండను. లేవనివాళ్లు ఏం పాడుకోవాలి? రూతు నా కోసం కట్టిన మాట అది. ఇన్నేళ్ల కాపురంలో ఆమె నాకిచ్చినవాటిలో అంత ప్రేమగా ఇచ్చింది ఇంకొకటి లేదు. అది నాకు కావాలి. సిగ్గు లేకుండా రాస్తున్నాను, కావాలి.

సాయంత్రం సునీత — “డాడీ, ఆ ఫిర్యాదు పంపాల్నా, తీసెయ్యాల్నా?”

తీసెయ్యమన్నాను. మాట తడబడలేదు.

జూలై 15

ప్రేమ్ నుంచి ఫోన్. శనివారం స్టూడియో ఖాళీ అట. రూతు చీర తీసి పెట్టుకుంది. ఏ మాట పాడతావని నేను అడగలేదు.

జూలై 16

వాన. రూతు నా కాళ్లకు నూనె రాస్తూ పాట ఎత్తుకుంది. మొదటి వరుస, రెండోది. ఆ చోటు రాగానే మాటలు మానేసింది. రాగం మాత్రం తీసి, నా మొహంలోకి చూసింది.

“చెప్పు. నువ్వేదంటే అదే పాడ్త. నిజంగ.”

ఎస్తేరమ్మ ఫోనులో నవ్విన నవ్వు చెవిలో ఉంది. నోరు తెరిచాను. రెంటిలో ఏ మాటా పైకి రాలేదు. నోటి జబ్బు అనుకుంది పాపం... మూతి తుడిచి, “నిమ్మళంగ చెప్పు, ఫికర్ లేదు” అని మళ్లీ మొదటి నుంచి ఎత్తుకుంది.