అడుగున వెచ్చని నీరు

అక్కకు తమ్ముడు తలవంచి నమస్కరించి విన్నవించుకునేది. ఇక్కడ బావగారూ నేనూ క్షేమం. ఈ మాటను మా పరిశీలనా కార్యాలయం వాడే అర్థంలో, అంటే ప్రాణంతో ఉన్నామనే అర్థంలో వాడుతున్నాను. నీవూ పిల్లలూ మామూలు అర్థంలోనే క్షేమంగా ఉన్నారని తలుస్తాను.

నీ ప్రశ్నలకు వరుసగా కాకపోయినా నిజాయితీగా జవాబిస్తాను. నీవు అల్లిన ఉన్ని చొక్కా బావగారు వేసుకుంటూ వచ్చారు. చలికి కాదు, నీకు భయపడి. నా దగ్గు తగ్గింది. "నడి చలికాలంలో ఆ సముద్రంలో మీకేం పని, వేసవిలో కొలిస్తే నీళ్లు కాదంటాయా" అని అడిగావు. ఇదే ప్రశ్న మా పై అధికారి కూడా అడిగి ఉన్నాడు కనుక ఇందులో నీవు సిగ్గుపడవలసింది లేదు.

మా సముద్రం లోతు తక్కువ. చలికాలంలో ఈదురుగాలి పైనీటిని ముందుకు తోసుకుపోతుంటే, వెచ్చని ఉప్పునీరు అడుగున గాలికి ఎదురు నడిచి వస్తుంది. గాలి ఎంత బాదితే అది అంత మొండిగా వస్తుంది, మన ఇంట్లో పుట్టినట్టు. గాలి అలిసిన తొలి ఘడియల్లోనే దాన్ని పట్టుకోవాలి. అందుచేత బుద్ధి ఉన్న పడవలు రేవు వదలని వేళ మేము బయలుదేరతాం. మా పడవకు బావగారు సరంగు, చుక్కాని ఆయనది. ఉక్కు తీగకు ఉష్ణమాపకం కట్టి అడుగుకు దించడం నా పని.

వెచ్చని నీటి వెంట చేపలు వస్తాయి, చేపల వెంట వలపడవలు. ఆ నీరు ఎక్కడుందో మాకు తెలిసినా చెప్పడానికి వీల్లేదు. చలికాలపు కొలతలను కమిటీ ఆమోదించాక, ఎండాకాలంలో, గోడకు అంటిస్తాం. వాటిని చదివి చేపలు పట్టినవారు ఇంతవరకు లేరు. ఆ కారణంగా వలపడవలవాళ్లు మా తోక పట్టుకుని తిరగడం మొదలుపెట్టారు.

పోయిన గాలివాన తగ్గుముఖం పట్టిన ఉదయం అందరూ ఎర్రటోపీ అని పిలిచే వలపడవ సరంగు మా వెనకే వచ్చి, తన వలను మా తీగకు తగిలించాడు. రెండు పడవల బరువూ ఆ తీగ మీద పడింది. మా పడవ పక్కకు ఒరిగింది.

"చేపలున్న చోటు దాచుకుంటార్రా? తీగ కోసెయ్యండి," అని అరిచాడు.

"ఇది సర్కారు తీగ. దరఖాస్తు పెట్టుకో," అన్నారు బావగారు.

దరఖాస్తుకు బదులు వలకు కట్టే సీసపు గుండు ఒకటి వచ్చి మా కిటికీని పగలగొట్టింది. మరొకటి నా కనుబొమను చీల్చింది. వాళ్ల మనిషి ఒకడు కత్తి పట్టుకుని మా పడవ మీదికి దూకాడు. బావగారు అతని దవడ పగిలేలా పడవ గెడతో కొట్టారు. అతను సముద్రంలో పడితే, వాళ్లవాళ్లే కొక్కెం వేసి పైకి లాగారు. ఆ కొక్కెం అతని భుజాన్ని ఎముక కనిపించేదాకా చీల్చింది. నివేదికలో దీన్ని 'సమీప నౌకతో సంప్రదింపులు' అని నమోదు చేశాను.

ఇక ఆయన స్వయంగా ఉత్తరం ఎందుకు రాయడం లేదన్న నీ ప్రశ్న. దీన్ని ఇంతదూరం నెట్టుకొచ్చానని నీవు గమనించే ఉంటావు.

ఆ కొట్లాటలోనే బావగారు గెడతో వలను తోసివెయ్యబోయారు. అప్పుడే వచ్చిన అలకు తీగ ఎగిరి ఆయన కుడిచేతి వేళ్ల మీద పడి, వాటిని పడవ అంచునున్న కప్పీ చక్రంలోకి లాక్కుంది. తీగ వదిలితే ఆయనా దానితోపాటు నీళ్లలోకి పోతారు. ఉక్కును గొడ్డలి తెంచదు. చిటికెన వేలూ ఉంగరపు వేలూ అప్పటికే నలిగి తీగకు అంటుకుపోయాయి. గొడ్డలి నా పక్కనే ఉంది.

"చూస్తావేంరా, కొట్టు."

"బావా, మీరు కాస్త అటు చూడండి."

"నేనెటు చూస్తే నీకెందుకురా. కొట్టు."

కొట్టాను. ఆయన వచ్చి నా మీద పడ్డారు. నీవు అల్లిన చొక్కాతోనే చేతిని చుట్టాను. ఆ రక్తం చూసి ఎర్రటోపీ తన వలను తానే కోసుకున్నాడు. ఆ పని ముందే చేసి ఉండవచ్చునని అతనికీ తోచింది కాబోలు, రేవులో మా పడవను కట్టడానికి తనే దిగాడు. ఉష్ణమాపకం భద్రంగా వచ్చింది. కొలతలు అద్భుతంగా ఉన్నాయని పై అధికారి అభినందించాడు.

తీగ మూడు వేళ్లను తీసుకుపోయిందని ఆసుపత్రిలో రాసుకున్నారు. నేను దిద్దలేదు. అక్కా, తీగ పట్టుకున్నవి రెండే. మధ్యవేలు అప్పటిదాకా నిక్షేపంగా ఉంది. గొడ్డలి ఎత్తాక నేను కళ్లు మూసుకున్నాను. ఆయన మళ్లీ చుక్కాని పట్టవచ్చునని డాక్టరు చెబుతూ, మధ్యవేలు మిగిలి ఉంటే పట్టు బాగుండేదని కూడా అన్నాడు. నీవు నా చేతుల్లో పెట్టిన మనిషిని ఇలా చేశాను. ఇకపై నీ గడప తొక్కవచ్చునో లేదో నీవే ఉత్తర్వు ఇవ్వాలి.

ఆయనకు తెలియకుండా ఇది నీకు చేరడం న్యాయం కాదని, మంచం పక్కన కూర్చుని ఇంతవరకూ చదివి వినిపించాను. కట్టు కట్టిన చేతిని దిండు మీద ఆనించుకుని విన్నారు.

"తెలుసురా," అన్నారు నేను ఆపాక. "కళ్లు మూసుకున్నది నువ్వు. నేను కాదుగా."

ఇట్లు,
నీవు రమ్మన్నా రావద్దన్నా
నీ తమ్ముడు